"తరువాత సరిచేసుకుందాంలే" – ఒక అభ్యంతరం



ఈ మధ్య మన విద్యాలయాలలో ఒక మాట మంత్రం వలె చెలామణి అవుతున్నది. "ఇప్పటికి ఎలాగో తీసేయండి, తరువాత ఎడిటింగులో సరిచేసుకుందాంలే!" అన్నదే ఆ మాట. దస్తూరి బాగులేకపోతే పేజీ చింపి మళ్ళీ వ్రాయమన్న అయ్యవార్ల వారసులే ఈనాడు పిల్లలకు ఈ ఉపదేశం చేస్తున్నారు. ఈ మాట తప్పనీ, తప్పు కావడమే గాక పిల్లలకు హాని చేసేదనీ నా వాదం. చిత్రీకరణల గొడవలో తెలుగు పండితుడికి ఏం పని అని అడిగేవారు ఉంటారు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ టపా. కొంచెం పెద్దది, ఓపిక చేసుకొని చదవగలరు.

విషయం ఇది. తెనాలి, బాపట్ల, రేపల్లెలకు చెందిన ఐదుగురు డిగ్రీ విద్యార్థులు ఒక పోటీ కోసం ఒక్క నిమిషం నిడివి గల ప్రకటన చిత్రం తీయబూనారు. ప్రకటన దేనికంటే గుడ్డ సంచికి. మిగులు గుడ్డలతో సంచులు కుట్టి అమ్మే ఒక దర్జీ మహిళ వారికి తెలుసు. ఆమె సరుకునే చూపించాలని సంకల్పించారు. సమయోచితమైన ఎంపికే. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులలో పలు రకాలను 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధించారు. అదే ఏడు డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్ల కంటె పలుచని ప్లాస్టిక్ సంచులు కూడ కూడదన్నారు. నిషేధం పుస్తకంలో ఉన్నది, పలుచని సంచి బజారులో ఉన్నది. ఈ రెంటి నడుమ గుడ్డ సంచి గురించి చెప్పవలసిన అవసరం ఉండనే ఉన్నది.

పిల్లలు నా వద్దకు వచ్చింది అక్షరదోషాలు దిద్దించుకోవడానికి మాత్రమే. "మాస్టారూ, ఒత్తులూ పొల్లులూ చూసిపెట్టండి చాలు" అన్నారు. అసలు చిత్రానికి ముందు రెండు రోజులు ఉత్తుత్తి చిత్రీకరణ చేస్తామని చెబితే, నేనూ వెంట వెళ్ళాను. మొదటి రోజు ఉదయం తెనాలి కూరగాయల బజారు, మధ్యాహ్నం రేపల్లె, రెండవ రోజు సాయంత్రం బాపట్ల దగ్గరి సూర్యలంక సముద్రతీరం. బాపట్ల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డాక బాపట్ల, రేపల్లెలు ఆ జిల్లాలోకి పోయాయి, తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. జిల్లాలు వేరైనా రైలు పట్టాలూ, కాలువ నీళ్ళూ, చుట్టరికాలూ వేరు కాలేదు గనుక ఈ త్రికోణయాత్ర వారికి కష్టం కాలేదు. రైల్వే స్టేషనులో తీయాలంటే ముందుగా అనుమతి కావాలని వారే తెలుసుకొని, రేపల్లెలో స్టేషను బయటి రోడ్డు మీదనే పని కానిచ్చారు. ఆ మాత్రపు జాగ్రత్త గల పిల్లలు.

ఆ రెండు రోజుల యత్నంలో తేలిన లోపాలు అనేకం. వాటిని ఒక్కొక్కటిగా చెబుతాను. చెప్పేది పిల్లలను ఎత్తిపొడవడానికి కాదు. ఆ లోపాలలో ఎన్ని "తరువాత" సరిపోతాయో మీరే లెక్క కట్టుకోవాలని.

మొదటిది శబ్దం. సూర్యలంకలో బొమ్మ దివ్యంగా వచ్చింది. సాయంసంధ్య, అలలు, చేతిలో సంచి. కాని మాట వినబడలేదు. చరవాణిలోని మైకు మీద సముద్రపు గాలి నేరుగా కొట్టి బరబరమనే హోరు తప్ప మరేమీ మిగల్చలేదు. ఆ హోరు మాట మీద పూసిన పూత వంటిది కాదు, గీకి పారేయడానికి. గాలి తాకిడికి మైకు తన శక్తికి మించి ఊగినప్పుడు స్వరతరంగపు కొనలు తెగిపోతాయి. తెగిన కొనలు ఎక్కడా దాగి ఉండవు. అసలు నమోదే కాని అక్షరాన్ని ఏ యంత్రం వెదకి తెస్తుంది? "ఇప్పుడు కృత్రిమ మేధ ఉంది గదండీ, గొంతునే పుట్టిస్తుంది" అన్నాడొక అబ్బాయి. పుట్టిస్తుంది, కాదనను. కాని ఆ పుట్టిన గొంతు ఆ మనిషిది కాదు. ఆమె అనని మాటను ఆమె నోట పలికించి, "ఇదిగో, ఈమె సాక్ష్యం" అని జనానికి చూపడాన్ని దిద్దుబాటు అనరు. దాని పేరు వేరే ఉన్నది.

పరిష్కారం ఎంత తేలికో చూడండి. మాటను వేరుగా, బొంతలు వేలాడదీసిన గదిలో, నోటికి జానెడు దూరంలో మరొక చరవాణి పెట్టి నమోదు చేసుకోవచ్చు. బయటనే తీయక తప్పకపోతే గాలికి వీపు పెట్టి నిలబడి, మైకుకు స్పాంజి తొడుగు వేయవచ్చు. రెండు పరికరాలు వాడినప్పుడు మొదట ఒక్క చప్పట కొడితే, బొమ్మలో చేతులు కలిసిన క్షణాన్నీ, శబ్దంలో టప్పుమన్న క్షణాన్నీ జతచేసి రెంటినీ కలుపుకోవచ్చు. ఇవన్నీ పైసా ఖర్చు లేని పనులు. కాని వీటిని చేయాలన్న బుద్ధి యత్నచిత్రం తీసినవాడికే పుడుతుంది. ఎడిటింగు బల్ల ముందు కూర్చున్నాక పుట్టేది బుద్ధి కాదు, పశ్చాత్తాపం.

రెండవది పొందిక. తెనాలి బజారులో అమ్మాయి ఎడమ చేతి సంచితో నడిచింది, తరువాతి దృశ్యంలో సంచి కుడి చేతికి వచ్చింది. మొదటి దృశ్యంలో ఉదయపు ఏటవాలు నీడలు, దాని వెంటనే రావలసిన దృశ్యంలో నడినెత్తి ఎండ. కొన్ని దృశ్యాలు చరవాణి నిలువుగా పట్టి తీసినవి, కొన్ని అడ్డంగా పట్టి తీసినవి. మూడు చోట్ల తీసిన ముక్కలకు సంఖ్యలు వేయనందున ఏది మంచిదో, ఏది చెడ్డదో వెదకడానికే ఒక పూట పట్టింది. నాటకాలవాళ్ళు రిహార్సలును ఒద్దిక అనేవారు. ఒద్దిక అంటే పొందిక, అమరిక అని కూడ అర్థం. రెండు అర్థాలూ ఒకే మాటలో ఇమడడం కాకతాళీయం కాదు. అభ్యాసం చేయనిదే అమరిక కుదరదని భాషే మనకు చెబుతున్నది.

ఈ మాట ఈ మూడు ఊళ్ళలో చెప్పవలసి రావడమే నాకు ఆశ్చర్యం! బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు గారు తెనాలి శ్రీరామ విలాస సభ రంగస్థలం మీద స్త్రీ పాత్రలతో ఆంధ్రదేశాన్ని సమ్మోహపరచారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. తమ అనుభవాలను "నటస్థానము" అన్న పేర గ్రంథస్థం చేశారు. మగవాడు సత్యభామగా నిలబడి, మగవాడన్న స్పృహే ప్రేక్షకుడికి కలగకుండా చేయడం ఏ దిద్దుబాటు వలన సాధ్యమైంది? రంగస్థలానికి రెండవ టేకు లేదు. తెర లేచిన తరువాత సరిచేసుకునే వీలు లేదు కనుకనే తెర లేవక ముందే అన్నీ సరిచేసుకున్నారు. తెనాలి దగ్గరి మోరంపూడిలో పుట్టిన కొంగర జగ్గయ్య గారు సినిమాలలో స్థిరపడక ముందు ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారు. వార్తలు చదివేవాడు తడబడితే ఆ తడబాటు అప్పటికప్పుడే దేశమంతా వినబడుతుంది. ఆ కంచుకంఠం వెనుక కంఠమే కాక, ఆ క్రమశిక్షణ కూడ ఉన్నది. ఇటువంటి వారి వారసత్వం చెప్పుకొని సభలు జరిపే గడ్డ మీద నిలబడి "తరువాత చూసుకుందాంలే" అంటే ఎలా?

మూడవది నిడివి. ఇది అచ్చంగా మా పండితుల శాఖకు చెందిన సంగతి. నిమిషానికి సుమారు 150 మాటలు అన్న ఇంగ్లీషు లెక్క పట్టుకొని పిల్లలు 148 మాటల రచన సిద్ధం చేశారు. చదివి చూస్తే నిమిషం 40 సెకన్లు పట్టింది! కారణం సులభం. ఇంగ్లీషులో ఆరేడు ముక్కలుగా విడిపోయే భావం తెలుగులో ఒక్క పదంగా గుదిగుచ్చుకుంటుంది. "కొనుక్కోవాలనుకుంటున్నవాళ్ళందరికీ" అన్నది లెక్కకు ఒక్క మాటే, పలకడానికి 14 అక్షరాలు. తెలుగు రచనకు మాటలు లెక్కపెట్టడం ధాన్యాన్ని బస్తాల పరిమాణం చూడకుండా బస్తాల లెక్కన కొనడం వంటిది. అక్షరాలు లెక్కించాలి, ఇంకా నిక్కచ్చిగా కావాలంటే మాత్రలు లెక్కించాలి. గురువుకు రెండు, లఘువుకు ఒకటి అని ఎనిమిదవ తరగతిలో మేము బల్ల చరచి చెప్పింది పరీక్షలో రెండు మార్కుల కోసమే అనుకున్న పిల్లలకు, అది కాలాన్ని కొలిచే కొలబద్ద అని ఆ రోజు తెలిసింది. రచనను 70 మాటలకు దించి చదివారు. 52 సెకన్లలో ముగిసింది. మిగిలిన 8 సెకన్లు మౌనానికి. మౌనం లేని ప్రకటనకు ఊపిరి ఆడదు.

ఈ దోషాన్ని ఎడిటింగులో సరిచేయవచ్చునా? చేయవచ్చు. మాటల వేగం పెంచి, మందుల ప్రకటన చివర చదివే హెచ్చరిక లాగా పరుగెత్తించవచ్చు. ఎవరికి అర్థం కావాలని?

నాలుగవది భాష. నా అభ్యంతరానికి మూలం ఇదే. పిల్లలు తమ రచనను మొదట ఇంగ్లీషులో ఆలోచించి, తరువాత తెలుగు చేశారు. అందులోని వాక్యాలు కొన్ని చూడండి. "ఈ సంచి రెండు అరలను కలిగి ఉన్నది." "ఇది గ్రామీణ మహిళలచే తయారు చేయబడినది." "మేము ప్లాస్టిక్‌కు వద్దు అని చెబుదాం." "ఈ రోజే మీది పొందండి!" ఒక్క దానిలోనూ అక్షరదోషం లేదు. ఒక్కటీ తెలుగు కాదు. ఒత్తులూ పొల్లులూ చూసి పంపేస్తే నా పని అయిపోయినట్టే. పిల్లల పని మాత్రం అక్కడే చెడిపోయి ఉండేది.

సంచికి అరలుంటాయి గాని, సంచి అరలను కలిగి ఉండదు. షష్ఠీ విభక్తిలోని "కి, కు"లు ఈ పని కోసమే ఉన్నాయి. "మహిళలచే తయారు చేయబడినది" అన్న కర్మణి ప్రయోగం దస్తావేజులలో చెల్లుతుందేమో, బజారులో చెల్లదు. "ఆడవాళ్ళు కుట్టిన సంచి" అంటే తీరిపోయే దానికి అంత చుట్టుబాట ఎందుకు? ఇక "మేము... చెబుదాం" అన్నది అన్నిటికంటె విచారకరం. వినేవాణ్ణి కలుపుకొంటే మనం, కలుపుకోకపోతే మేము. ఇంగ్లీషుకు ఈ భేదం లేదు, మనకున్నది. ప్రకటన అనే ప్రక్రియకు ప్రాణమే వినేవాణ్ణి కలుపుకోవడం! అటువంటి చోట "మేము" అని వాణ్ణి గుమ్మం బయట నిలబెట్టి, "చెబుదాం" అని లోపలికి పిలిస్తే వాడు రావాలా, పోవాలా?

ఈ వాక్యాలు కాగితం మీద ఉన్నంత సేపు ఎవరికీ తప్పుగా తోచలేదు. నేను ఎర్ర సిరాతో దిద్దితే "మాస్టారి చాదస్తం" అనుకొని ఊరుకునేవారేమో. వాటి తప్పు బయటపెట్టింది యత్నచిత్రం. ఆ దర్జీ మహిళను కుట్టుమిషను ముందు కూర్చోబెట్టి, "పర్యావరణహితమైన ఈ ఉత్పత్తి మీ జీవనశైలిని మార్చివేస్తుంది" అని చెప్పమన్నారు. పాపం, ఆమె 11 మార్లు ప్రయత్నించింది. ప్రతిసారి "పర్యావరణ" దగ్గర ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేది. పన్నెండవసారికి ఒక అబ్బాయి కాగితం పక్కన పెట్టి, "అది వదిలెయ్యక్కా. నీ సంచి ఎందుకు కొనాలని ఎవరన్నా అడిగితే ఏం చెబుతావు?" అని అడిగాడు. ఆమె మిషను ఆపకుండానే చెప్పింది. "ఐదు కిలోల బియ్యం పోసి నేనే మోసుకొచ్చా ఇందులో. కుట్టు ఊడితే నా దగ్గరికే తీసుకురండి, ఊరికే కుట్టిపెడతా."

అందరం ఒక్క క్షణం మాట్లాడలేదు. ఐదుగురు డిగ్రీ విద్యార్థులు వారం రోజులు కూర్చొని వ్రాయలేని ప్రకటన అది! బరువు ఎంతో చెప్పింది, సాక్ష్యం ఎవరో చెప్పింది, చెడిపోతే పూచీ ఎవరిదో చెప్పింది. సంచి సుగుణాలను వర్ణించే విశేషణం ఒక్కటీ లేదు. ఆ తెలుగు ఏ పుస్తకంలోనూ నేర్పేది కాదు, ఏ పుస్తకమైనా తలవంచవలసినది. అసలు చిత్రానికి నేరుగా వెళ్ళి ఉంటే ఏమయ్యేది? "సమయం లేదు, మరొక అమ్మాయి గొంతుతో ఆ వాక్యం అతికించేద్దాం" అనుకునేవారు. ఆమె ముఖం, వేరొకరి గొంతు, ఇంగ్లీషు వాక్యం. దీన్నే మనవాళ్ళు సరిచేయడం అంటున్నారు.

అనువాదమే పాపమని నేననను. తెనాలి వాసి చక్రపాణి గారు (ఆలూరి వెంకట సుబ్బారావు) శరత్ నవలలను వంగభాష నుండి తెచ్చిన తీరుకు, శరత్ తెలుగువాడే అనుకున్న పాఠకులు ఉన్నారని ప్రతీతి. 1947 జూలైలో వారూ, నాగిరెడ్డి గారూ స్థాపించిన "చందమామ"ను, తెనాలిలోనే పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు గారు 1980లో కన్నుమూసే వరకు దిద్దితీర్చారు. ఏ దేశపు కథ అయినా ఆ పుటలలోకి వచ్చేసరికి మన అమ్మమ్మ చెప్పినట్టే ఉండేది. మన ఇంటి భాష తెలిసినవాడు అనువదిస్తే అతిథి ఇంటివాడవుతాడు, తెలియనివాడు అనువదిస్తే ఇంటివాడే అతిథి అవుతాడు.

ఐదవది సత్యం. రచనలో "పదేళ్ళు మన్నే సంచి" అని ఒక మాట ఉన్నది. అది వినగానే ఆ దర్జీ మహిళ మిషను ఆపేసింది. "పదేళ్ళని ఎవరు చెప్పారమ్మా? నేను సంచులు కుట్టడం మొదలెట్టే మూడేళ్ళయింది!" పిల్లలు బిక్కమొహం వేశారు. "ప్రకటనలో అలాగే అంటారక్కా" అని ఒక అమ్మాయి సర్దిచెప్పబోయింది. ఆ మాటకు నాకు కోపం రాలేదు గాని, దిగులు వేసింది. ప్రకటన అంటే అబద్ధమాడడానికి ఇచ్చిన అనుమతిపత్రమని ఈ పిల్లలకు ఎవరు నేర్పారు?

మనమే నేర్పాము. కళ్ళు తెరిచినప్పటి నుండి వారు చూస్తున్న ప్రకటనలు ర్యాంకుల ప్రకటనలు. ఒకే విద్యార్థి ముఖం రెండు మూడు సంస్థల గోడల మీద నవ్వుతుండగా చూసి పెరిగినవారు. ఆ విద్యార్థి అక్కడ రెండేళ్ళు చదివాడా, చివరి రెండు వారాలు పరీక్షలు మాత్రమే వ్రాశాడా అన్నది ఆ గోడ చెప్పదు. ఈ వ్యవహారం ముదిరిన మీదటనే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరు 13న శిక్షణ కేంద్రాల ప్రకటనలకు ప్రత్యేకంగా మార్గదర్శకాలు విడుదల చేసింది. ఉత్తీర్ణుడైన తరువాత అతని లిఖితపూర్వకమైన అంగీకారం లేనిదే పేరూ, ఫొటో వాడరాదనీ, అతడు చేరిన కోర్సు ఏదో చెప్పాలనీ అందులో ఉన్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా విధించవచ్చు, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. ప్రకటనకు ముఖం ఇచ్చిన ప్రముఖుడు కూడ నిజానిజాలు విచారించుకోకపోతే తప్పించుకోలేడు. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు ఇంకొక ముచ్చటైన మాట చెప్పాయి. ప్రకటనలోని హామీ ఏ భాషలో ఉంటే, దానికి సంబంధించిన షరతు కూడ ఆ భాషలోనే ఉండాలట. హామీ తెలుగులో మ్రోగించి, షరతు ఇంగ్లీషు చీమతలకాయలలో గొణగడం కుదరదన్నమాట. చట్టానికి ఉన్న పాటి భాషాభిమానం మన పాఠశాలలకు ఉంటే బాగుండును!

"పదేళ్ళు" అన్న అబద్ధాన్ని ఏ ఎడిటరు పట్టుకోగలడు? బొమ్మ మసకగా ఉంటే తెలుస్తుంది, శబ్దం తక్కువైతే తెలుస్తుంది. అబద్ధం మాత్రం తెర మీద నిజం కంటె శుభ్రంగా కనిపిస్తుంది. దానిని పట్టుకోగలిగినది ఆ మహిళ ఒక్కతే. ఆమె పట్టుకున్నది యత్నచిత్రం రోజున, ఇంకా సమయం ఉండగా. అభ్యాసం అంటే కెమెరాకు అలవాటు పడడం మాత్రమే కాదు. ఎవరి గురించి చెబుతున్నామో వారి ముందు మన మాటను పెట్టి "ఇది నిజమేనా?" అని అడగడం.

ఇక నా ప్రత్యర్థుల వాదాలు. వాటిని దాటవేయడం పద్ధతి కాదు.

ఈ పిల్లలకు ఒక అధ్యాపకులు ఇచ్చిన సలహా ఏమిటంటే, యత్నచిత్రం ముక్కలనే అతికించి పంపేయమని. గడువు దగ్గర పడుతున్నదనీ, పిల్లలకు పరీక్షలున్నాయనీ, మళ్ళీ మూడు ఊళ్ళు తిరగడం ఖర్చనీ ఆయన అన్నారు. ఆయన చెడ్డవారు కారు, ఆ మాటలలో నిజం కూడ లేకపోలేదు. అయిదుగురికీ కలిపి మంచి చరవాణి ఒక్కటే ఉన్నది. బస్సు ఛార్జీలు ఇంట్లో అడగడానికి మొహమాటపడే పిల్లలు కూడ వారిలో ఉన్నారు. కాని ఖర్చు వాదం తిరగబడుతుంది. పేదవాడికే అభ్యాసం ఎక్కువ అవసరం. డబ్బున్నవాడు చెడిపోయిన పనిని మళ్ళీ చేయించుకోగలడు, లేనివాడు ఒక్కసారిలోనే నెగ్గాలి. రెండవ యత్నానికి వీరు మూడు ఊళ్ళు తిరగలేదు. ఏ దృశ్యం పనికిరాదో మొదటిసారే తెలిసింది గనుక సముద్రాన్ని వదిలేశారు, రేపల్లె రోడ్డును వదిలేశారు. తెనాలి బజారు, మిషను గది మిగిలాయి. ఒక్క పూటలో అయిపోయింది. అభ్యాసం ఖర్చు పెంచలేదు, తగ్గించింది.

రెండవ వాదం మా వాళ్ళది, అంటే భాషాభిమానులది. "ప్రకటనలే తెలుగును చెరిచాయి. పిల్లలు చరవాణులు పట్టుకొని తిరగడం మాని నాలుగు పద్యాలు నేర్చుకోవచ్చు గదా" అని. ఈ వాదం నాకు ఇంకా రుచించదు. తెలుగు పోతున్నదని సభలలో శాలువాలు కప్పుకొని విలపించే పెద్దలలో ఎందరు ఒక ప్రకటన రచనను దిద్దిపెట్టారు? ఈనాటి పిల్లవాడు తెలుగులో ఒక వాక్యాన్ని ఇష్టపడి, పదిసార్లు మార్చి వ్రాసే చోటు పరీక్ష పేపరు కాదు, ఇటువంటి ఒక్క నిమిషపు చిత్రమే. అక్కడికి మనం వెళ్ళకపోతే అనువాద యంత్రం వెళుతుంది. వెళ్ళింది కూడ. పద్యం నేర్పవద్దని నేననను. మాత్రల లెక్క పద్యంలో నేర్చినవాడికే 60 సెకన్ల కొలత సులువుగా పట్టుబడిందని పైన చెప్పనే చెప్పాను. ఆ రెంటికీ మధ్య గోడ కట్టింది పిల్లలు కాదు.

మూడవ వాదం, "అందరూ ఇలాగే చేస్తున్నారు, చూసేవాళ్ళు పట్టించుకోరు" అన్నది. నిజమే కావచ్చు. ఆ పోటీలో ఈ చిత్రానికి బహుమతి రాలేదు. మెచ్చుకోళ్ళ సంఖ్యను బట్టి విజేతను నిర్ణయించారట. మెచ్చుకోళ్ళు లెక్కపెట్టడానికి పరీక్షకుడు అక్కరలేదు, లెక్కల యంత్రం చాలు. విద్యాలయం చేయవలసిన పని బజారు చేసే పనే అయితే ఇక విద్యాలయం ఎందుకు?

కావున నా కోరిక ఇది. ఏ పాఠశాల అయినా, కళాశాల అయినా పిల్లల చేత ప్రకటన చిత్రం తీయిస్తే, మొదట యత్నచిత్రం తీసి తీరాలన్న నియమం పెట్టాలి. దానిని ఎవరికీ చూపరాదు, ఎక్కడా ఎక్కించరాదు. అది పిల్లలు నిర్భయంగా విఫలం కావలసిన చోటు. ఏది చెడిందో, ఎందుకు చెడిందో, ఏమి మార్చారో తెలుగులో ఒక దినచర్యగా వ్రాయించాలి. చిత్రంలో కనిపించే ప్రతి మనిషికీ తాను చెప్పబోయే మాట ముందుగా వినిపించి, ఒప్పుకుంటేనే ఉంచాలి. మార్కులు తుది చిత్రపు తళుకుకు కాక, యత్నానికీ తుది రూపానికీ మధ్య జరిగిన మార్పుకు వేయాలి. ఈ పని కంప్యూటరు గదికి వదిలిపెట్టక, తెలుగు పీరియడులోకి తేవాలి. దీనికి కొత్త భవనాలు అక్కరలేదు, కొత్త పాఠ్యపుస్తకాలు అక్కరలేదు. ఒక చరవాణి, ఒక నోటుపుస్తకం, పిల్లలతో ఎండలో నిలబడే ఓపిక గల ఒక తెలుగు అయ్యవారు చాలు.

అంతవరకు "తరువాత సరిచేసుకుందాంలే" అన్న అయ్యవార్లను నేను ఒకే ప్రశ్న అడుగుతాను. ఆ "తరువాత" పిల్లవాడు చదువు ముగించి, ఉద్యోగంలో చేరి, వేలమందిని నమ్మించే ప్రకటన వ్రాసే రోజున వస్తుంది. ఆ రోజు "పదేళ్ళని ఎవరు చెప్పారమ్మా?" అని అడగడానికి ఆ గదిలో ఎవరుంటారు?

ఏకీభవించేవారూ, విభేదించేవారూ వ్యాఖ్యల ద్వారా తమ అభిప్రాయం తెలుపగలరు. విభేదించేవారు మరింత విపులంగా వ్రాస్తే సంతోషిస్తాను.

స్వస్తి.